ఉచ్చ పోసిందని కొట్టకండి

మన వంటశాల కాడ చేరిన కుక్కపిల్లను నందిగామ హైవే పక్కన వదిలేద్దామని కొందరు అంటున్నారు. అట్టా చేస్తే లారీల కింద పడి చస్తుంది. దాని నేరం ఒకటే. ఎవరన్నా దగ్గరికొస్తే వెల్లకిలా పడి ఉచ్చ పోస్తుంది.

అది పొగరు కాదు. "చిన్నదాన్ని, నన్నేం చేయొద్దు" అని చెప్పుకోవడం. జగ్గయ్యపేట కాడ మా తండాలో మేకల మందల్లో పెరిగే కుక్కపిల్లలు పెద్ద కుక్క ఎదురైతే ఇట్టాగే చేస్తాయి. పెద్దది వాసన చూసి పోతుంది. పుట్టిన 2, 3 వారాలు తల్లి నాకితేనే పిల్లకు ఉచ్చ వస్తుంది. ఆపుకునే శక్తి ఆ తర్వాత మెల్లగా వస్తుంది. సంతోషం ఎక్కువైనా ఆగదు.

కొడితే భయంతో ఇంకా పోస్తుంది. మీదికి వంగకండి, కళ్లలోకి చూడకండి. పక్కకు తిరిగి కూర్చోండి, అదే వస్తుంది. తల మీద కాదు, గడ్డం కింద నిమరండి. గదిలో కాకుండా ఆవరణలో పలకరించండి. పోస్తే తిట్టకుండా కడగండి. చాలా కుక్కపిల్లలకు ఏడాది లోపే ఈ అలవాటు పోతుంది.

కొత్తగా చేరిన తమ్ముళ్లు పక్క తడిపితే వార్డెన్ సారు కొట్టరు, దుప్పటి మార్పిస్తారు. దీన్నీ అట్టాగే చూడమని మనవి. కడిగే పని నాది.