మొక్కజొన్న చేల మీద మంత్రాల జెండాలు

బరంపురంలో చంద్రగిరి బస్సెక్కేటప్పటికి నా సంచిలో అయిదు కిలోల అనకాపల్లి బెల్లం ఉంది. ఎవరింటికి వెళ్తున్నానో నాకే తెలియదు. తెలియని ఊరికైనా వట్టి చేతులతో వెళ్లడం మా కోటపాడు వైపు అలవాటు లేదు. చెరుకు పండే నేల మాది, ఇచ్చుకోవడానికి బెల్లం దిమ్మను మించింది మా దగ్గర లేదు.

చంద్రగిరి వెళ్లాలన్న కోరిక మాత్రం విశాఖలో పుట్టింది. ఏటా చలికాలం మొదలవగానే పేవ్‌మెంటు మీద తాళ్లు కట్టి, ఉన్ని స్వెట్టర్లు, మంకీ క్యాపులు వేలాడదీసే కొట్లు వెలుస్తాయి. మనమంతా వాటిని ‘నేపాలీ స్వెట్టర్లు’ అంటాం. నేనూ చిన్నప్పటి నుంచీ అలాగే అన్నాను. ఒక ఏడాది ఒకామె తల కూడా ఎత్తకుండా, ‘నేపాల్ కాదు సార్, టిబెట్. ఉండేది ఒరిస్సా’ అంది. ఒరిస్సాలో ఎక్కడని అడిగితే, ‘చంద్రగిరి. బరంపురం దిగి పైకి వెళ్లాలి’ అంది. తిరుపతి పక్కనున్న చంద్రగిరి తప్ప మరో చంద్రగిరి ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

హౌరా లైనులో పలాస, ఇచ్ఛాపురం దాటాక రాష్ట్రం మారిందని బోర్డులు చూస్తే తప్ప తెలియదు. బరంపురం టీ కొట్టులో తెలుగే, బస్టాండులో తెలుగే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రంగా ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. రాష్ట్రపతిగా చేసిన వి.వి.గిరి పుట్టింది బరంపురంలోనే. దిగపహండి దాటాక నేల పైకి లేవడం మొదలవుతుంది. తప్తపాణి దగ్గర గంధకం వాసన వేసే వేడినీటి బుగ్గ ఉంది, బస్సులో సగం మంది కిటికీలోంచే దానికి దణ్ణం పెట్టుకున్నారు. అక్కడి నుంచి సాల వృక్షాల మధ్య ఘాట్ మలుపులు. మోహన చేరేసరికి స్వెట్టరు వేసుకోక తప్పలేదు. అది విశాఖ పేవ్‌మెంటు మీద కొన్నదే.

హిమాలయాల ఎత్తు ఇక్కడ లేదు. గజపతి జిల్లాలోని ఈ కొండలు మన తూర్పు కనుమలే. వాటిలో పేరున్న మహేంద్రగిరి కూడా 1,501 మీటర్ల దగ్గర ఆగిపోతుంది, టిబెట్‌లోని లాసా నగరమేమో 3,600 మీటర్లకు పైన ఉంది. అయినా మోహన దాటి కాస్త దూరం వెళ్లాక ఒక మలుపులో చేల మీదుగా చెట్టు నుంచి చెట్టుకు కట్టిన రంగు గుడ్డల తోరణాలు కనిపిస్తే, బస్సులో కూర్చునే ఏదో దేశం దాటేసినట్టు అనిపించింది. నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. ఎప్పుడూ అదే వరుస. ఆకాశం, గాలి, నిప్పు, నీరు, నేల అన్నమాట. మన పంచభూతాలే. గుడ్డ మీద అచ్చువేసిన మంత్రాన్ని గాలి చదువుకుంటూ పోతుందని వాళ్ల నమ్మకం. కింద కోత అయిపోయిన మొక్కజొన్న మోళ్లు, పైన గాలికి రెపరెపలాడుతున్న మంత్రాలు. కండక్టరు ‘క్యాంప్, క్యాంప్’ అని అరిచాడు.

ఆ మాటకు అరవై ఏళ్లు దాటాయి. 1959 మార్చిలో దలైలామా లాసా విడిచి తవాంగ్ మీదుగా మన దేశంలోకి వచ్చారు. ఆయన వెనకే వేల మంది వచ్చారు. మొదట్లో చాలామందికి హిమాలయాల్లో రోడ్లు వేసే పని దొరికింది. రాళ్లు కొట్టే ఆ పనిలో ఎందరో పోయారు. కాస్త భూమి ఇమ్మని నెహ్రూ రాష్ట్రాలను అడిగితే మైసూరు వాళ్లు బైలకుప్పెలో ఇచ్చారు. బిజూ పట్నాయక్ ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో ఒరిస్సా ఈ కొండలు చూపించింది. 1963లో ఇక్కడ శిబిరాలు వెలిశాయి. చంద్రగిరి, జిరంగ, మహేంద్రగడ, లబర్‌సింగ్, టంకిలిపదర్ అని అయిదు క్యాంపులు. వాళ్లు తమ భాషలో పెట్టుకున్న పేరు ఫుంత్సోక్‌లింగ్. కానీ బయటివాళ్లకీ వాళ్లకీ నోట ఆడేది ‘క్యాంప్’ అన్న మాటే. మనవలు పుట్టినా, పెంకుటిళ్లు డాబాలైనా ఆ పేరు పోలేదు.

జిరంగలో దిగేసరికి పది అయింది. వీధి శుభ్రంగా ఉంది, ప్రతి చూరు కిందా మొక్కజొన్న పొత్తుల జడలు వేలాడుతున్నాయి. కానీ వీధిలో వయసు మనుషులు లేరు. ముసలివాళ్లు, చిన్న పిల్లలు, ఎండలో పడుకున్న కుక్కలు, అంతే. ఏదైనా జరిగిందేమోనని కాస్త భయమేసింది. తర్వాత వెలిగింది. ఇది డిసెంబరు. వీళ్లంతా మా ఊళ్లలో ఉన్నారు. విశాఖలో, విజయనగరంలో, ఇంకా ఎన్నో ఊళ్ల పేవ్‌మెంట్ల మీద. నేను కొండెక్కుతున్నప్పుడే వాళ్లు మా వైపు దిగిపోయారు.

ఒక ఇంటి అరుగు మీద ఒకావిడ పొత్తుల నుంచి గింజలు ఒలుస్తోంది. పొడవాటి ముదురు రంగు గౌను, నడుముకు చారల ఏప్రన్. ఆ ఏప్రన్ పెళ్లయిన వాళ్లే కడతారట. నేను నాకొచ్చిన హిందీలో ఏదో మొదలుపెట్టాను. నన్ను ఎగాదిగా చూసి, ‘ఊరేది బాబూ?’ అంది తెలుగులో.

‘కోటపాడమ్మా. అనకాపల్లి దగ్గర.’

‘బెల్లం ఊరు’ అంది వెంటనే.

సంచిలోంచి దిమ్మ తీసి ఆవిడ ముందు పెట్టాను. రెండు చేతులతో ఎత్తి, నుదుటికి తాకించి, లోపలికి తీసుకెళ్లింది. ఇరవై అయిదేళ్ల పాటు ప్రతి చలికాలమూ విశాఖలో స్వెట్టర్లు అమ్మిందట. ఆవిడ తెలుగంతా ఆ కొట్టు దగ్గర నేర్చుకున్నదే. ‘తగ్గదమ్మా’, ‘రంగు పోదు’, ‘బాబు వయసెంత’, ‘రేపు రండి, సైజు తెస్తాం’. బేరం తెలుగు గడగడా వస్తుంది. కానీ చిన్నతనం గురించి అడిగితే తెలుగు సరిపోక హిందీలోకి, హిందీ చాలక ఒడియాలోకి వెళ్లింది. సరిహద్దు దాటినప్పుడు ఏడేళ్లు. తండ్రి రోడ్డు పనిలో ఉండగా గుడారంలో పెరిగింది. రైల్లో ఇక్కడికి తెచ్చినప్పుడు గొర్రెతోలు కోట్లు వేసుకునే ఉన్నారట, ఉక్కపోతకు పిల్లలు ఏడుస్తుంటే కోటు విప్పితే తిరిగి ఎవరిస్తారోనని తల్లి విప్పనివ్వలేదట. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ తన మెడ దగ్గర చేత్తో గట్టిగా పట్టుకుంది, ఇంకా ఆ కోటు ఒంటి మీద ఉన్నట్టు.

పన్నెండు వేల అడుగుల మీద బార్లీ పండించుకుని, జడలబర్రెను మేపుకున్నవాళ్లు మలేరియా అడవిలో మొక్కజొన్న నేర్చుకున్నారు. వాన మీదే ఆధారపడిన పంట, ఒక కారుకే. మిగతా ఏడాది ఎలా అంటే స్వెట్టర్లు. సరుకు లూథియానా నుంచి వస్తుంది. ఫిబ్రవరి, మార్చిల్లో వచ్చే లోసర్ వాళ్ల కొత్త సంవత్సరం, మనకు పెద్దపండగ ఎలాగో అలాగ. అప్పటికల్లా కొట్లు కట్టేసి అందరూ ఇంటికి చేరుకోవాలి. ఆవిడ ఒక్కో గింజా ఒలుస్తూ రోజులు లెక్కపెట్టుకుంటోందని నాకనిపించింది.

తెలిసిన రెండు టిబెటన్ మాటల్లో ఒకటి వాడి ‘అమా-లా’ అని పిలిచాను. అమ్మగారు అని. ‘లా’ అంటే మన ‘గారు’. పళ్లన్నీ కనిపించేలా నవ్వి, వెన్న, ఉప్పు వేసిన టీ పోసింది. మొదటి గుక్క పులుసులా తోచింది. రెండో కప్పుకు అలవాటైంది. ఆ చలికి ఆ టీయే సరి.

ఊరి చివర మైదానంలో పద్మసంభవ మహావిహారం. అయిదంతస్తుల భవనం మీది బంగారు కప్పు చాలా దూరం నుంచే మెరుస్తుంది. 2010 జనవరిలో దలైలామా వచ్చి ప్రారంభించారు. పద్మసంభవుడు 8వ శతాబ్దంలో రాజు ఆహ్వానం మీద టిబెట్‌కు వెళ్లి, అక్కడి మొదటి విహారమైన సమ్యే కట్టడానికి తోడ్పడినవాడు. ఆయన పుట్టిన ఒడ్డియానం ఇప్పటి పాకిస్తాన్‌లోని స్వాత్ లోయ అని చాలామంది పండితులు, కాదు మా ఓఢ్రదేశమే అని ఒడియా పండితులు అంటారు. ఆ వాదం ఎటు తేలినా, ఆయన పేరున ఇక్కడ గుడి కట్టుకోవడం టిబెటన్లకు పుట్టింటి కబురు లాంటిది.

మర్నాడు తెల్లవారుజామున ప్రార్థనకు వెళ్లాను. ముదురెరుపు శాలువాల వరుసలు, మధ్యలో వెన్నదీపాలు. మనిషి కంటే పొడవైన రెండు బాకాలు ఒక్కసారిగా ఊదితే పాదాల కింద నేల అదిరింది. నా పక్కన ఎనిమిదేళ్లుండే బాల భిక్షువు నిద్రకళ్లతో ముందుకూ వెనక్కూ ఊగుతూ చదువుతున్నాడు. వాడి ముందున్న పుస్తకం చూసి ఉలిక్కిపడ్డాను. కుట్టు లేని పొడుగాటి విడి ఆకులు, పైనా కిందా చెక్కలు. కాగితమే, కానీ కొలత మాత్రం అచ్చం తాటాకుది. తాటిచెట్టు మొలవని దేశంలో వెయ్యేళ్లకు పైగా తాటాకు ఆకారాన్ని అలాగే దాచుకున్నారు. ప్రార్థనయ్యాక వాడు వరండాలో పలక మీద అక్షరాలు దిద్దుతూ పైకి అనుకుంటున్నాడు. క, ఖ, గ, ఙ. తర్వాత ప, ఫ, బ, మ. ‘ఘ’, ‘భ’ లేవు, వాళ్ల భాషకు అక్కర్లేదు. తక్కినదంతా మన బడిలో మనం అరిచిన వరసే. మా ఊరి బడి అరుగు మీద నేను దిద్దుకున్న అక్షరాలు ఈ కొండ మీద ఇంకో లిపిలో వినబడుతుంటే కళ్లు చెమర్చాయి.

బయట చెట్టుకింద ఒక పెద్ద భిక్షువుతో మాట కలిసింది. ఆంధ్ర నుంచి వచ్చానంటే ఆయన అన్న మొదటి మాట ‘ధాన్యకటక’. అమరావతికి అది పాత పేరు. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని బోధించింది అక్కడేనని టిబెటన్ల విశ్వాసం, 2006 జనవరిలో దలైలామా అమరావతిలోనే కాలచక్ర నిర్వహించారు. అప్పుడు ఈ క్యాంపు నుంచీ జనం వెళ్లారట. 1416లో లాసా పక్కన కట్టిన మహావిహారం పేరు డ్రెపుంగ్. ఒకప్పుడు వేల మంది భిక్షువులున్న చోటు. ఆ పేరుకు అర్థం వడ్లరాశి, అంటే ధాన్యకటకం. వరి పండని కొండదేశంలో మన కృష్ణ ఒడ్డు ఊరి పేరు పెట్టుకున్నారు. బౌద్ధాచార్యుడు నాగార్జునుణ్ని భిక్షువులు ఈనాటికీ పాఠంగా చదువుతారు. మనకేమో ఆ పేరు చెబితే డ్యామ్ గుర్తొస్తుంది. తప్పు డ్యామ్‌ది కాదు, మనం ఆ ఆచార్యుడి సంగతి ఇంట్లో చెప్పుకోవడం మానేశాం.

ఆ సాయంత్రం నాకు బొజ్జన్నకొండ గుర్తొచ్చింది. అనకాపల్లి పక్కన శంకరం ఊరి కొండ. సంఘారామం శంకరమైంది, బుద్ధుని కొండ బొజ్జన్నకొండ అయింది. కొండరాతినే తొలిచిన గుహలు, గుహ గుమ్మాల పక్కన ధ్యానంలో బుద్ధుడు, పక్కనే లింగాలకొండ నిండా రాతిలో చెక్కిన చిన్న చిన్న స్తూపాలు. 1906, 1908 మధ్య అలెగ్జాండర్ రీ తవ్వించాక గాని అది బౌద్ధుల చోటని లోకానికి తెలియలేదు. సముద్రగుప్తుడి బంగారు నాణెం ఒకటి, తూర్పు చాళుక్య కుబ్జ విష్ణువర్ధనుడి రాగి నాణేలు దొరికాయి. కనుమ నాడు అక్కడి బొజ్జలాంటి రాతిని రాక్షసుడని రాళ్లతో కొట్టే ఆనవాయితీ చాలాకాలం ఉండేది, దాన్ని మాన్పించారు. కొట్టినవాళ్లు చెడ్డవాళ్లు కారు, ఆ రాయి ఎవరిదో చెప్పేవాళ్లు ఊళ్లో మిగల్లేదు. మా కొండకు రాతి స్తూపాలున్నాయి, చదివే గొంతు లేదు. ఈ కొండకు గొంతుంది, పుట్టిన నేల లేదు. రెండూ ఒకే కనుమల వరుసలో, ఒక రాత్రి రైలు దూరంలో ఉన్నాయి.

ఈ కొండల్లో ముందు నుంచీ ఉన్నవాళ్లు సవరలు, కంధులు. పర్లాకిమిడిలో ఉంటూ సవరల భాష నేర్చుకుని, 1931లో దానికి వ్యాకరణం వెలువరించిన మన గిడుగు రామమూర్తి తిరిగిన నేల ఇది. మోహన సంతలో సవర ఆడవాళ్లు చింతపండు, పసుపు పోసుకుని కూర్చుంటే టిబెటన్ ముసలావిడ ఒడియాలో బేరమాడుతోంది. తూకాన్ని పట్టి కాక, చేతి గుప్పెళ్లను పట్టి బేరం. ఇద్దరూ నవ్వుకుంటున్నారు. ఆ దృశ్యం నాకు విహారమంత అందంగా తోచింది.

బయల్దేరే ముందు అమా-లా దగ్గరికి వెళ్లాను. మెడలో తెల్లటి ఖతా కండువా వేసి, చేతిలో ఒక గుడ్డమూట పెట్టింది. పాలవిరుగుడు ఎండబెట్టి చేసిన గట్టి ముక్కలు. ‘కోడలు విశాఖలో ఉంది. ఫోనులో మాట పోతుంది బాబూ, ఇది పోదు కదా’ అంది. కొట్టు గుర్తులు చెప్పింది. నా సంచిలో బెల్లం ఉండిన చోట ఆ మూట సర్దుకున్నాను.

విశాఖలో రైలు దిగి నేరుగా వెళ్లాను. కోడలు మూట ముడి చూడగానే ఎవరు కట్టారో గుర్తుపట్టింది. విప్పకుండా వాసన చూసి, కాసేపు అలాగే నిలబడింది. స్కూటీ మీద వచ్చిన ఒకావిడ ‘నేపాలీ స్వెట్టర్లు ఎంతమ్మా?’ అంటే, ‘టిబెట్ అండీ, చంద్రగిరి’ అని నేనే చెప్పాను. కోడలు నవ్వి, పిల్లవాడి సైజు తీసి చూపించి, ఒక ముక్క నా చేతిలో పెట్టింది.

‘నమలకండి. బుగ్గలో పెట్టుకోండి. అనకాపల్లి దాకా వస్తుంది.’