పంపు మేస్త్రి లెక్క

విజయవాడ ఆటోనగర్ గురించి రాయమని మా ఎడిటర్ గారు పంపారు. లారీ బాడీలు కట్టే షెడ్లు, లేత్ మిషన్లు, పాత స్పేర్ పార్టుల వీధులు అన్నీ చూసి రమ్మన్నారు. పొలాల్లోనూ క్వారీల్లోనూ తిరిగే పెద్ద బండ్లకు డీజిల్ బాధ ఎప్పటికి తీరుతుందో కూడా అక్కడివాళ్లను అడగమన్నారు. ఆ రెండో సంగతి అడుగుదామని ఒక డీజిల్ పంపు షాపులోకి వెళ్లి పొద్దుగూకే దాకా అక్కడే ఉండిపోయాను. మిగతా ఆటోనగర్ ఈ కథనంలో లేదు.

షాపు రెండు గదులు. ముందు గదిలో ఇంజిన్ల నుంచి ఊడదీసి తెచ్చిన పంపులు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కోదానికి ఇనుప తీగతో ఒక అట్టముక్క కట్టారు, దాని మీద ఊరి పేరు. ఉయ్యూరు, పామర్రు, కంకిపాడు, మొవ్వ. లోపలి గది తలుపు వేసే ఉంటుంది. అంత ఉక్కలోనూ అక్కడ ఫ్యాను వెయ్యరు. పంపు లోపల ఎలిమెంట్ అనే భాగం ఉంటుంది, అంటే ఒక ప్లంజరు, అది ఆడే బ్యారెల్. ఆ రెండింటి మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు. ఫ్యాను గాలికి లేచిన దుమ్ము అందులో పడితే గీత పడుతుంది, గీత పడితే ఎలిమెంట్ పోయినట్టే.

మేస్త్రి గారికి అరవై దాటాయి. ఆయన ప్లంజరును డీజిల్‌లో ముంచి, బ్యారెల్‌లో పెట్టి, మూడో వంతు బయటికి లాగి, ఏటవాలుగా పట్టుకుని వదిలారు. అది తన బరువుకు తానే మెల్లగా, ఎక్కడా ఆగకుండా కిందికి జారింది. ఇంకోటి తీసి అలాగే వదిలితే గబుక్కున పడిపోయింది. "ఇది అరిగింది" అని పక్కన పెట్టేశారు. మైక్రోమీటరు లేదు, తెర లేదు. రెండు వేళ్లకూ కంటికీ తెలిసిపోయింది. తర్వాత నాజిల్ టెస్టర్‌కు బిగించి చేతి లివరు నొక్కారు. సుమారు 200 బార్ల దగ్గర నాజిల్ కీచుమని శబ్దం చేస్తూ తెల్లటి పొగమంచులాగా డీజిల్ చిమ్మింది. మంచి నాజిల్ అలా కీచుమనాలట. మూగగా ఉండి చుక్కలు కారిస్తే ఆ డీజిల్ సిలిండర్లో సరిగా కాలదు, నల్లపొగై పోతుంది. అంటే డబ్బు పొగైపోతోందన్నమాట. షాపులో కుర్రాడు చూద్దామని చెయ్యి చాచి ముందుకు వంగాడు. "ఒరేయ్, చెయ్యి తియ్యి" అని మేస్త్రి గారు గట్టిగా కసిరారు. ఆ జల్లు చర్మం చీల్చుకుని లోపలికి దిగిపోతుంది. సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది గానీ వేలు తీసేయాల్సి వచ్చినవాళ్లు ఉన్నారు.

ఆ పనితనం చూస్తుంటే నాకు గౌరవంతో పాటు కోపం కూడా వచ్చింది. కోపం ఆయన మీద కాదు. ఇంధనం ఆదా చేయండని పెట్రోలు బంకుల్లో బోర్డులు పెడతాం. డీజిల్‌ను నిజంగా ఆదా చేసేది ఇలాంటి గదుల్లో కూర్చున్నవాళ్లే. వాళ్లను ఎవరూ పట్టించుకోరు.

ముందు గదిలో బెంచీ మీద పామర్రు వైపు నుంచి వచ్చిన ట్రాక్టరు యజమాని ఒకాయన ఫోన్లో గొడవపడుతున్నాడు. "నేనేం చెయ్యను బావా, బండి కొన్నప్పుడు డీజిల్ యాభై చిల్లర. ఇప్పుడు వందకు దగ్గర. దమ్ము రేటు పెంచుతానంటే మీ ఊళ్లో వాళ్లే నన్ను రానివ్వరు." ఫోన్ పెట్టేసి మేస్త్రి గారి వైపు తిరిగాడు. "బాబాయ్, దమ్ము చక్రాలు కట్టి చేలో తిప్పే బండికి రోడ్డు సెస్సు ఏంటి బాబాయ్? నా చేలో రోడ్డు ఎవడేశాడు?"

నేను నోటుపుస్తకం తెరిచింది అక్కడే. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. 2018 బడ్జెట్లో కేంద్రం పెట్రోలు, డీజిల్ మీద రోడ్లు, మౌలిక సదుపాయాల సెస్సు అని లీటరుకు 8 రూపాయలు వేసింది. 2020 మేలో డీజిల్ సుంకాన్ని ఒక్కసారిగా 13 రూపాయలు పెంచితే అందులో 8 ఆ రోడ్డు సెస్సే. 2021 నవంబరులో 10, 2022 మేలో 6 తగ్గించారు గానీ సెస్సు పూర్తిగా పోలేదు. దానికి తోడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో రోడ్ల అభివృద్ధి పేరుతో లీటరుకు ఒక రూపాయి తానూ వేసింది. రోడ్డు మీద పరుగెత్తే లారీ, మోకాలి లోతు బురదలో దమ్ము చేసే ట్రాక్టరు, చెరువు పూడిక తీసే ప్రొక్లెయిన్, మూడూ ఒకే బంకులో ఒకే పన్ను కడుతున్నాయి. బ్రిటన్‌లో పొలం పనికి వాడే డీజిల్‌కు ఎర్ర రంగు కలిపి, సుంకం బాగా తగ్గించి అమ్ముతారు. 2022 ఏప్రిల్లో నిర్మాణ రంగానికి ఆ సదుపాయం తీసేశారు గానీ సేద్యానికి ఉంచారు. అమెరికాలోనూ రోడ్డెక్కని బండ్లకు రంగు డీజిల్ ఉంది. మనం కూడా అలా చేయొచ్చు కదా అని మేస్త్రి గారితో అన్నాను.

ఆయన ఒప్పుకోలేదు. "వద్దమ్మా. రేషన్ కిరసనాయిలుకు నీలం రంగు కలిపారు కదా, ఏమైంది? అదంతా లారీ ట్యాంకుల్లోకే వచ్చింది. కిరసనాయిల్లో జిగురుండదు, ప్లంజరుకు నూనె పట్టు ఉండదు. ఎండు ఇనుము మీద ఇనుము రాసుకుంటే ఎట్లా ఉంటుంది? ఆ రోజుల్లో ఎన్ని ఎలిమెంట్లు మార్చానో నాకు తెలుసు. రంగు డీజిల్ ఇస్తే రంగు డీజిలూ రోడ్డెక్కుద్ది. ఇచ్చేదేదో రైతు ఖాతాలో ఎయ్యమనండి."

నేను చదువుకుని వెళ్లిన వాదన కంటే ఇది గట్టిది. రైతు ఖాతాలో నేరుగా డబ్బు వేసే ఏర్పాట్లు ఇప్పటికే ఉన్నాయి. బాడుగకు దున్నే చిన్న యజమాని ట్రాక్టరు ఎన్ని గంటలు నడిచిందో దాని అవర్ మీటరే చెబుతుంది. సెస్సు తిరిగి ఇవ్వాలనుకుంటే దారి లేకపోలేదు.

ఇక కరెంటు బండ్ల సంగతి. 2020 డిసెంబరులో సోనాలికా సంస్థ టైగర్ ఎలక్ట్రిక్ అనే ట్రాక్టరు తెచ్చింది. దాని బ్యాటరీ 25.5 యూనిట్లు. హైదరాబాదులో సెలెస్టియల్ అనే సంస్థ మొదలుపెట్టిన విద్యుత్ ట్రాక్టర్ల పనిని తర్వాత మురుగప్ప గ్రూపు తీసుకుంది. రెండూ మంచి ప్రయత్నాలే. కానీ మేస్త్రి గారు అట్టముక్క వెనక వేసిన లెక్క నాకు నచ్చింది. లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. ఇంజిన్లో ఎక్కువ భాగం వేడిగా పోయి, పనికి వచ్చేది మూడు, మూడున్నర యూనిట్లు. కరెంటు మోటారు అంత వృథా చేయదు. అయినా 25 యూనిట్ల బ్యాటరీ చేసే పని ఏడెనిమిది లీటర్ల డీజిల్ చేసే పనికి సమానం. దమ్ములో పెద్ద ట్రాక్టరు గంటకు ఐదు లీటర్ల దాకా తాగుతుంది. గంటన్నరలో బ్యాటరీ ఖాళీ. కాలువకు నీళ్లు వదిలిన వారంలో పగలూ రాత్రీ దమ్ము చేసే డెల్టాలో ఆ బండి పొద్దెక్కకముందే చార్జింగు కోసం ఇంటి దారి పట్టాలి. అదే మామిడి తోటలో మందు కొట్టడానికి, కూరగాయల సాళ్ల మధ్య దున్నడానికి, మిల్లు ఆవరణలో ట్రాలీ లాగడానికి అయితే హాయిగా సరిపోతుంది. ఏ బండికి ఏ పని అన్నది చూడకుండా "డీజిల్ కాలం అయిపోయింది" అనేవాళ్లతోనూ, "కరెంటుతో ఏమీ కాదు" అనేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది.

కదలని పనికి తీగ కరెంటు కొత్తది కాదు. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో పెద్ద షవల్స్ వెనక లావుపాటి కేబుల్ లాక్కుంటూ కరెంటుతోనే తవ్వుతాయి. అవి నింపే డంపర్లే డీజిల్ తాగేది. కోల్ ఇండియా ఒక్కటే 2021 నాటికి ఏటా 4 లక్షల కిలోలీటర్లకు పైగా డీజిల్ కాలుస్తుండేది. అందులో సుమారు మూడింట రెండు వంతులు డంపర్లదే. 2021లో ఆ సంస్థ మహానది గనుల్లో రెండు 100 టన్నుల డంపర్లకు గెయిల్, బెమెల్‌తో కలిసి ద్రవ సహజవాయువు కిట్లు పెట్టే ప్రయోగానికి దిగింది. పాత ఇంజిన్‌ను పారేయకుండా, డీజిల్‌లో కొంత భాగాన్ని గ్యాసుతో నింపే పద్ధతి అది. జేసీబీ కూడా 2020లో మన దేశంలో డీజిల్, సీఎన్‌జీ కలిపి నడిచే బండి తెచ్చింది. నాకు వీటిలోనే ఆశ కనిపిస్తోంది. ఏటా లక్షల సంఖ్యలో కొత్త ట్రాక్టర్లు అమ్ముడయ్యే దేశం ఇది. అప్పు కిస్తీలు ఇంకా కడుతున్న ఆ బండ్లన్నింటినీ పాత ఇనుముకు వేసి కొత్తవి కొనమని రైతుకు ఎవరు చెప్పగలరు? మార్చాల్సింది ఉన్న ఇంజిన్లనే. వాటిని మార్చగలిగినవి ఈ షాపులోని చేతులే.

మన ఊళ్లలో ఇంధనం ఒకసారి మారింది, అదెలా మారిందో ఎవరూ గుర్తు చేసుకోరు. ఒకప్పుడు బావుల మీద ఆయిల్ ఇంజిన్లు దుడదుడలాడేవి. అవి పోయి కరెంటు మోటార్లు వచ్చాయి. కరెంటు తీగలు వేసినంత మాత్రాన ఆ మార్పు నిలబడలేదు. ప్రతి మండల కేంద్రంలో ఒక మోటారు వైండింగ్ షాపు వెలిసింది. సాయంత్రం మోటారు కాలిపోతే మర్నాటికి రాగితీగ చుట్టి ఇచ్చే మనిషి ఉన్నాడు కాబట్టే రైతు ధైర్యం చేశాడు. విద్యుత్ ట్రాక్టరు బ్యాటరీ నాట్ల సమయంలో మొరాయిస్తే ఉయ్యూరులో ఎవరు విప్పుతారు?

విప్పేవాడు లేకపోతే ఏమవుతుందో ఆదిలాబాద్ కొండల్లో ఒక పాత ముచ్చట చెబుతుంది. పవర్‌గూడ అనే గోండు గూడెంలో మహిళా సంఘాలు కానుగ గింజల నూనె తీశాయి. డీజిల్‌కు బదులు ఆ నూనె వాడితే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందని లెక్కగట్టి 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు ఆ సంఘాలకు 645 డాలర్లు చెల్లించింది. పత్రికల్లో దాని గురించి రాశారు. 2009 జాతీయ విధానంలో 2017 నాటికి 20 శాతం బయోడీజిల్ కలపాలని లక్ష్యం పెట్టుకున్నారు. అది దరిదాపులకు కూడా రాలేదు, 2018లో దాన్ని 2030 నాటికి 5 శాతానికి దించారు. కానుగ నూనె సంగతి అడిగితే మేస్త్రి గారు ఉత్సాహంగా చెప్పారు. పచ్చి నూనె చిక్కగా ఉంటుంది, నాజిల్ రంధ్రాల దగ్గర బొగ్గు కడుతుంది. శుద్ధి చేసి ఎస్టరుగా మారిస్తే చక్కగా కాలుతుంది, ప్లంజరుకు నూనె పట్టు కూడా బాగుంటుంది. రబ్బరు సీళ్లు మాత్రం మార్చుకోవాలి. "ఏ సీలు పెట్టాలో అడగటానికి ఎవరూ రాలేదమ్మా" అన్నారు. 1900 పారిస్ ప్రదర్శనలో వేరుశనగ నూనెతో డీజిల్ ఇంజిన్ నడిపి చూపించారు. అంత పాత విద్య మన దగ్గర నిలవలేదంటే లోపం గింజలో లేదు.

ఇప్పుడు మేస్త్రి గారి చేతులకు ఇంకో గండం వచ్చింది. 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు కొత్త ఉద్గార నిబంధనలు అమలయ్యాయి. వాటి పంపులకు కంప్యూటరు వచ్చింది. పొగ తగ్గుతుంది, మంచిదే. కానీ ఆ కంప్యూటరుకు తగిలించే సాఫ్ట్‌వేరు కంపెనీ డీలరు దగ్గరే ఉంటుంది, బయటి మేస్త్రికి దొరకదు. కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో మరమ్మతు హక్కు పేరిట పోర్టల్ తెరిచి, అందులో వ్యవసాయ యంత్రాలనూ చేర్చింది. ఈ షాపులో దాని పేరు విన్నవాళ్లు ఒక్కరూ లేరు. మేస్త్రి గారి కొడుకు ఈ పనిలోకి రాలేదు. ఇందాక చీవాట్లు తిన్న కుర్రాడు కూడా వచ్చే ఏడాది ఉంటాడో లేదో అన్నారాయన.

రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థలకూ ప్రభుత్వాలకూ నా విన్నపాలు ఇవి. విద్యుత్ వాహనాల కోర్సును ఇంజినీరింగు కాలేజీల్లోనే కాదు, ఆటోనగర్‌లో పెట్టండి. పాఠం తెలుగులో చెప్పండి, పదో తరగతి సర్టిఫికెట్ అడగకండి. బ్యాటరీ విప్పడం, హైవోల్టేజీ జాగ్రత్తలు, గ్యాసు కిట్ బిగించడం, కంప్యూటరు పంపు చదవడం, ఈ నాలుగూ పంపు మేస్త్రులకు నేర్పించి లైసెన్సు ఇవ్వండి. సాఫ్ట్‌వేరు వాళ్లకు ఇవ్వాలని కంపెనీలను చట్టంతో కట్టడి చేయండి. పొలంలో కాలిన డీజిల్ మీది రోడ్డు సెస్సు రైతు ఖాతాకు తిరిగి వెయ్యండి.

ట్రాక్టరున్న పాఠకులకు ఒక మాట. కాలువకు నీళ్లు రాకముందే నాజిళ్లు ఊడదీసి తెచ్చి పరీక్ష చేయించుకోండి. బండి నల్లపొగ వదులుతోందంటే మీ డబ్బే కాలిపోతోంది. దమ్ములు మొదలయ్యాక వస్తే మేస్త్రి గారి దగ్గర మీ పంపు వారం రోజులు వరసలో ఉండాలి.