నీట మునిగిన విజయపురి

ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్, దేశవిభజన నాడు ఇల్లూ వాకిలీ విడిచి తరలివచ్చిన శరణార్థుల కోసం వెలసిన కాలనీ. నేడు అక్కడి ఇరుకు గదులలో తెలుగు యువతీయువకులెందరో సివిల్ సర్వీసు పరీక్షలకు చదువుతుంటారు. వారి చరిత్ర పాఠాలలో నాగార్జునకొండ ఒకటి. ఆ కొండ చెంత లభించిన శిల్పాలు కొన్ని అదే నగరంలో, జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. ఆ కాలనీవాసుల వలెనే ఆ శిలలు కూడా పుట్టిన చోటును శాశ్వతంగా కోల్పోయినవే.

కృష్ణానది కుడి ఒడ్డున, కొండల నడుమ ఒదిగిన లోయ వాటి జన్మస్థానం. క్రీస్తుశకం 3, 4 శతాబ్దాలలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అక్కడ విలసిల్లింది. వంశస్థాపకుడు చాంతమూలుడు అశ్వమేధయాగం చేయగా, ఆయన సోదరి చాంతిసిరి బౌద్ధానికి అండగా నిలిచింది. వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో మహాచైత్యాన్ని పూర్తి చేయించినది ఆమెయే. రాజుకు ఆమె మేనత్త; పిల్లనిచ్చిన అత్త కూడా. సుమారు 106 అడుగుల వ్యాసం గల ఆ స్తూపం పునాది ఆకులతో కూడిన బండిచక్రాన్ని తలపిస్తుంది.

దానములు రాణివాసానికే పరిమితం కాలేదు. బోధిసిరి అనే ఉపాసిక సింహళ భిక్షువులకు ఒక చైత్యగృహం కట్టించింది. చైత్యగృహమనగా స్తూపమే ఆరాధ్యమూర్తిగా గల ఆలయం. దాని వెనుక గోడ ఏనుగు వీపు వలె గుండ్రంగా ఉంటుంది. బోధిసిరి తన బంధువులను శాసనంలో పేర్కొని, పుణ్యంలో వారికీ పాలు పంచింది.

ఇక్ష్వాకుల అనంతరం విజయపురి వైభవం అంతరించింది. 1926లో ఎ.రంగస్వామి సరస్వతి ఆ శిథిలాలను గుర్తించారు. 1927 నుండి లాంగ్‌హర్స్ట్ జరిపిన తవ్వకాలలో, మహాచైత్యగర్భాన వెండి భరిణె, అందులో చిన్న బంగారు భరిణె, దానిలో ధాతుశకలం బయటపడ్డాయి.

ఇంతలో మరొక అవసరం ముందుకు వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. లక్షలాది ఎకరాల మెట్ట భూములకు నీరు కావాలి. ఆ నీరు నిలవవలసినది ఈ లోయలోనే. ఇరుపక్షాలా న్యాయమున్న సమస్య అది. ఆర్.సుబ్రహ్మణ్యం నాయకత్వాన 1954 నుండి 1960 వరకు పురావస్తు శాఖ కాలంతో పోటీపడి, వందకు పైగా స్థలాలను తవ్వింది. ముఖ్యమైన 9 కట్టడాలను కొండపైన పునర్నిర్మించారు. మరికొన్ని నదీతీరాన అనుపు చేరాయి. లోయలోని పల్లె ప్రజలు సైతం పొయ్యిరాళ్లు వదలి కదలిపోయారు. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడిచారు.

నేడు నాగార్జునకొండ ఒక ద్వీపం. యాత్రికులు లాంచీలో అక్కడికి చేరి, మ్యూజియంలోని శిల్పాలను, కొండపైన మళ్లీ కట్టిన మహాచైత్యాన్ని దర్శిస్తారు. చక్రాకారపు పునాది కన్నులకు కనబడుతుంది. చాంతిసిరి దానిని నిలిపిన నేల మాత్రం లాంచీ దాటివచ్చిన నీటి అడుగున ఉంది. ఆ నీరే దిగువన వరిచేలను పచ్చగా ఉంచుతున్నది.