ఎవరు ఒత్తితే ఈ ఒత్తిడి?

మా అమ్మ ‘ఒత్తిడి’ అన్న మాటని మనం ఇవాళ వాడుతున్న అర్థంలో ఎప్పుడూ వాడలేదు. ఆవిడకి గాభరా ఉండేది. బెంగ ఉండేది. ‘గుండెల్లో దడగా ఉందే’ అనేది, ‘మనసు మనసులో లేదు’ అనేది. డాక్టరు బీపీ చూసి మాత్రలు రాసి, ‘టెన్షన్ పెట్టుకోకండమ్మా’ అని పంపించేవాడు. బొట్టు పెట్టుకున్నట్టు, నగ పెట్టుకున్నట్టు, అదేదో ఆవిడే ముచ్చటపడి పెట్టుకున్నట్టు! నాతో పాటు పాఠాలు చెప్పే వరంగల్ అమ్మాయి దీన్నే ‘రంధి’ అంటుంది. ‘ఒకటే రంధి అక్కా, రాత్రి నిద్ర పడతలేదు’ అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా మా అమ్మ గాభరాకి ఓరుగల్లులో ఒక చెల్లెలు ఉన్నట్టు అనిపిస్తుంది నాకు.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి మాటల దగ్గరే ఆగిపోతుంటాను. బెంగకి ఒక మనిషి ఉంటుంది. ఎవరిమీద బెంగ అని అడగొచ్చు. దిగులుకి కారణం అడగొచ్చు. ఒత్తిడి అన్నాక మాత్రం ఎవరూ ఏమీ అడగరు. నిజానికి ‘ఒత్తడం’ ఆడవాళ్ల చేతులకి బాగా తెలిసిన క్రియ. అప్పడాలు ఒత్తుతాం, పూరీలు ఒత్తుతాం, పండక్కి జంతికలు ఒత్తుతాం, అత్తగారి కాళ్లు ఒత్తుతాం, పిల్లకి తలనొప్పంటే కణతలు ఒత్తుతాం. ఒత్తేవాళ్లు లేకుండా ఏదీ ఒత్తుకోదు. క్రియగా ఉన్నంతసేపూ కర్త కనిపిస్తూనే ఉంటుంది. నామవాచకం అయ్యేసరికి కర్త మాయమైపోయి, ఒత్తిడికి గురైన మనిషి ఒక్కతే మిగులుతుంది. ఇక దాన్ని ‘జయించాల్సింది’ కూడా ఆవిడే.

ఇంగ్లీషు మాటకీ ఇలాంటి చరిత్రే ఉంది. హాన్స్ సెల్యె అనే శాస్త్రవేత్త 1936లో ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న లేఖ అచ్చువేశాడు. ఎలకల్ని చలిలో ఉంచినా, గాయపరిచినా, విపరీతంగా పరిగెత్తించినా, విషపదార్థాలు ఎక్కించినా వాటి శరీరాల్లో ఒకే రకం మార్పులు వచ్చాయి. అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, కడుపులో పుళ్లు పడ్డాయి. తర్వాతి సంవత్సరాల్లో దీనికి ‘స్ట్రెస్’ అన్న పేరు స్థిరపడింది. అది భౌతికశాస్త్రంలోంచి వచ్చిన మాట. అక్కడ పదార్థం మీద పనిచేసే బలానికి సంబంధించింది స్ట్రెస్, ఆ బలానికి పదార్థంలో వచ్చే మార్పు స్ట్రెయిన్. తన ఇంగ్లీషు ఇంకాస్త బాగుండి ఉంటే రెండో మాటనే ఎంచుకునేవాణ్ణని సెల్యెయే తర్వాత ఒప్పుకున్నాడు. ఇది పండితులకే పరిమితమైన తగాదా అనుకోను. మనల్ని పరీక్షించే ప్రతిచోటా కొలిచేది మనలో వచ్చిన వంపునే. ఆ వంపు తెచ్చిన బలాన్ని కొలిచే పరికరం ఏ క్లినిక్కులోనూ ఉండదు.

నేను గంటల లెక్కన జీతం తీసుకునే అధ్యాపకురాలిని. పిహెచ్‌డి పట్టా వచ్చి ఆరేళ్లయింది. ఏటా జూన్‌లో మళ్లీ పిలుస్తారో లేదో తెలియదు. పోయినేడు మార్చి 8న మా కాలేజీలో మహిళా అధ్యాపకులందరికీ ఒత్తిడి నిర్వహణ మీద ఒకరోజు శిక్షణ పెట్టారు. అప్పటికి మాకు మూడు నెలల జీతం రావాలి.

శిక్షణ ఇవ్వడానికి వచ్చినావిడ మంచి మనిషి, నవ్వుతూ మాట్లాడింది. ముందుగా పది ప్రశ్నల కాగితం పంచింది. అది 1983లో షెల్డన్ కోహెన్, ఆయన సహచరులు తయారుచేసిన కొలమానంలోంచి వచ్చింది. ప్రపంచమంతా వాడతారు. గత నెలరోజుల్లో పరిస్థితులు మీ చేతుల్లో లేవని ఎన్నిసార్లు అనిపించింది లాంటి ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు వరకూ మార్కులు. కూడుకుని చూస్తే మాలో చాలామందిమి ‘ఎక్కువ’ అన్న గడిలో పడ్డాం. చదువుకున్నన్నాళ్లూ మార్కుల కోసం పాకులాడిన వాళ్లం, మార్కులు ఎక్కువొచ్చి బాధపడటం అదే మొదటిసారి. తర్వాత పరిష్కారాలు చెప్పింది. అరగంట ముందు లేవండి. ప్రాణాయామం చెయ్యండి. రోజూ రాత్రి మీకు జరిగిన మూడు మంచి విషయాలు పుస్తకంలో రాసుకోండి. ‘ఎన్నింటికి ముందు మేడమ్? నేను నాలుగున్నరకే లేస్తున్న’ అంది మా వరంగల్ అమ్మాయి. అందరం నవ్వాం, ఆవిడా నవ్వింది. మాకు రావాల్సిన జీతం గురించి మాత్రం ఆ పది ప్రశ్నల్లో ఎక్కడా గడి లేదు. పరిస్థితులు నీ చేతుల్లో లేవా అని అడిగారు గానీ, ఎవరి చేతుల్లో ఉన్నాయని అడగలేదు.

ప్రాణాయామాన్ని తీసిపారెయ్యడం నా ఉద్దేశం కాదు. ఊపిరి నెమ్మదిగా, పొడుగ్గా వదిలితే వేగస్ నాడి ద్వారా గుండె వేగం తగ్గుతుంది. ఇది శరీరధర్మం, భక్తితో పనిలేదు. బస్సులో కూర్చునే చోటు దొరికితే నేనూ చేస్తాను. నడక మంచిదే, నిద్ర మరీ మంచిది. ఇంకోమాట కూడా ఇక్కడే చెప్పాలి. నెలల తరబడి దేనిమీదా ఆశ లేకపోవడం, బతకాలని అనిపించకపోవడం ఒత్తిడి అని సర్దిచెప్పుకోవాల్సినవి కావు. డాక్టరు దగ్గరికి వెళ్లాలి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నెంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. నా పేచీ వీటితో కాదు. ఒత్తిడి తగ్గించుకోవడం కూడా ఆడదాని పనుల జాబితా చివర ఇంకో పనిగా చేరడంతో.

ఆ జాబితా పొడుగెంతో లెక్కలున్నాయి. 2019లో దేశవ్యాప్తంగా జరిగిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనులు చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు వాటికే వెచ్చిస్తున్నారని తేలింది. అవే పనులు చేసే మగవాళ్లు 97 నిమిషాలు. 2024లో మళ్లీ సర్వే చేస్తే స్త్రీలవి 289, మగవాళ్లవి 88. ఐదేళ్లలో మనకి తగ్గింది పది నిమిషాలైతే వాళ్లకీ తొమ్మిది తగ్గాయి!

స్వీడన్‌లో మారియాన్ ఫ్రాంకెన్‌హాయ్‌జర్ అనే మనోవైజ్ఞానికురాలు 1980లలో, ఒకే స్థాయి ఉద్యోగాల్లో ఉన్న స్త్రీ పురుష మేనేజర్లని పరిశీలించింది. ఒత్తిడి వేళ పెరిగే హార్మోన్లలో ఒకటి పని ముగిసే వేళకి మగవాళ్లలో తగ్గడం మొదలైంది. ఆడవాళ్లలో మాత్రం సాయంత్రం కూడా తగ్గలేదు. ఇల్లు చేరితే విశ్రాంతి అన్నది ఎవరి అనుభవమో ఆ సీసాల్లోని మూత్రం చెప్పేసింది. అసలు చాలాకాలం ఇలాంటి ప్రయోగాల్లో మనం లేమే లేం. 1995కి ముందు జరిగిన ఒత్తిడి ప్రయోగాల్లో పాల్గొన్నవాళ్లలో స్త్రీలు సుమారు 17 శాతమేనని షెల్లీ టేలర్ బృందం 2000లో చూపించింది. పోరాడు లేదా పారిపో అన్న సూత్రం అలా స్థిరపడింది. చంకలో పిల్ల, పొయ్యిమీద పాలు ఉన్న మనిషి పోరాడటం, పారిపోవడం రెండూ కుదరక ఏం చేస్తుందన్నది టేలర్ అడిగిన ప్రశ్న. దగ్గరివాళ్లని కాచుకుంటుంది, తోటివాళ్లతో జట్టుకడుతుంది అని ఆమె జవాబు. జట్టు సరే. కాచుకోవడమే మన స్వభావమని ముద్రవేసి మళ్లీ మనకే అప్పజెబుతారేమోనని నాకు అనుమానం.

హార్మోన్ల లెక్కలు నేను ఆలస్యంగా చదివాను. వాటికన్నా ముందే మన రచయిత్రులు నాకీ సంగతి చెప్పారు. అబ్బూరి ఛాయాదేవి ‘సుఖాంతం’లో ఇల్లాలు కోరుకునేది కంటినిండా నిద్ర. అంతే, ఇంకేమీ కాదు. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’లో ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోతుంది. ఇవాళైతే మొదటావిడకి నిద్రలేమి అనీ రెండో ఆవిడకి మతిమరుపు అనీ చీటీ రాసిచ్చి పంపేవారు. ఆ కథల్లో మనం చూసింది మాత్రం ఇంటిని. అవి చదివాక ‘ఈవిడ కాస్త ప్రాణాయామం చేస్తే బాగుండు’ అని ఏ పాఠకురాలికీ తోచదు.

శిక్షణ తర్వాత నేనూ ఒక పుస్తకం పెట్టాను. మూడు మంచి విషయాలు కాదు. గుండె దడ మొదలైనప్పుడల్లా టైము, దానికి సరిగ్గా ముందు ఎవరు ఏం అడిగారు, అంతే. నెల తిరిగాక చూస్తే వంటా పాఠాలూ అందులో దాదాపు లేవు. ఉన్నవన్నీ గుర్తుపెట్టుకోవాల్సినవి. గ్యాసు ఎప్పుడు బుక్ చెయ్యాలి, పాపకి తెల్లబూట్లు ఏ వారం, అమ్మ మాత్రలు ఏ తారీఖుకి అయిపోతాయి, మామగారి కంటి డాక్టరు, సెమినార్ పత్రం గడువు. మా ఆయన పనికి వెనకాడే మనిషి కాదు. ‘చెప్తే చేస్తాను కదా’ అంటాడు. ఆ చెప్పడమే నా నెత్తిమీది పని అని ఆ పుస్తకం చేతికిచ్చి చూపించేదాకా ఆయనకి ఎక్కలేదు. పనులు పంచుకోవడం మానేసి వ్యవహారాలు పంచుకున్నాం. పాప స్కూలు మొత్తం ఆయనది, ఫీజు నుంచి పేను మందు దాకా. మొదటి నెలలో పాప ఒక యూనిట్ టెస్ట్‌కి చదవకుండానే వెళ్లింది. నేను నోరు విప్పలేదు. అంత కష్టమైన ఆసనం నేనింతవరకూ వెయ్యలేదు.

అమ్మ మాత్రల సంగతి బెంగళూరులో ఉన్న అన్నయ్యకి అప్పగించాను. ‘వాడికేం తెలుస్తాయే, పాపం’ అంది అమ్మ. డెబ్భై దగ్గరపడ్డ ఆడమనిషికి కొడుకు సేవ చేస్తే కూడా గాభరాయే! నాలుగు నెలలు పట్టింది అలవాటవడానికి, ఇద్దరికీ.

జీతం ఊపిరి వ్యాయామానికి లొంగలేదు. పదకొండుమందిమి కలిసి ఉత్తరం రాసి ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాం. ఒక్కొక్కరం వెళ్తే ‘మీరొక్కరే కాదు కదమ్మా’ అనేవారు. ఈసారి ఆ మాట అనడానికి వీల్లేకపోయింది. రెండు నెలలది వచ్చింది, మూడోది రాలేదు. ఆ ఉత్తరం మీద సంతకాలు పెట్టినరోజు రాత్రి ఎన్నాళ్లకో ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. అదే రోజు మా వరంగల్ అమ్మాయికి ‘జూన్‌లో మనల్ని పిలుస్తరా?’ అని కొత్త రంధి పట్టుకుంది. ఇద్దర్నీ పిలిచారు. వచ్చే జూన్ సంగతి తెలియదు.

ఈమధ్య కాలేజీ నుంచి మరో సర్క్యులర్ వచ్చింది. ఈసారి సమయపాలన మీద శిక్షణ, రెండో శనివారం, హాజరు తప్పనిసరి. ఆ రోజుకి గంటల జీతం ఇస్తారా అని పదకొండుమందిమీ కాగితం మీద అడిగాం. జవాబు ఇంకా రాలేదు.