గచ్చునేల

విశాఖపట్టణపు పాతపేటలో మా అత్తవారి మేడ యొకటి యున్నది. దాని నడవలోని నేల గానుగసున్నపు గచ్చు. సున్నములో కరక్కాయ కషాయమును బెల్లపునీటిని కలిపి, నున్నని రాళ్లతో దినముల తరబడి రుద్ది, ఆనాటి పనివారు దానికి మెరుగు తెచ్చిరి. మేము కాపురమునకు వచ్చిన క్రొత్తలో, సంధ్యవేళ దీపము పెట్టినచో దాని వెలుగు ఆ నేలలో నీటియందువలె కనుపించెడిది. ఇప్పుడచ్చట మంచమంత వెడల్పున తెల్లని మచ్చ యొకటి యున్నది. అది మా యజాగ్రత్త ఫలము. సోదరీమణుల కా సంగతి చెప్పుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా యూర ఇల్లు శుభ్రముగా నుంచుట సులభము కాదు. సముద్రపుగాలి ఉప్పును మోసికొని వచ్చును. 1933లో తెరువబడిన నౌకాశ్రయము పాతపేట ప్రక్కనే యున్నది. బొగ్గుధూళియు ఇనుపరాతి ధూళియు గాలిలో కలిసి వచ్చును. ఉదయము తుడిచిన కిటికీ రెక్క సాయంకాలమునకు నల్లబడును. ఆ ధూళికి తడి తగిలినచో మరకయై పట్టుకొనును.

మా యింట ముప్పదియేండ్లు పనిచేసిన ముసలమ్మ కిదంతయు తెలియును. ముందు కొండచీపురుతో మెల్లగా ఊడ్చును. పిమ్మట పాత నూలుచీరె పేలికను గట్టిగా పిండి తుడుచును. ఇత్తడి కుందులను చింతపండుతో తోముటకు పెరటిలోనికే కొనిపోవును గాని నడవలో తోమనియ్యదు. ఎందుకని మేమొకనాడైన అడుగలేదు.

ఆమె వయసు మీరి కూతురింటికి వెళ్లినది. ఆ మరుసటి యేట మా చిన్నవాని పెండ్లి వచ్చినది. ఇండ్లు శుభ్రపరచు పనివారిని కూలికి పిలిపించితిమి. వచ్చిన పిల్లలు కష్టపడువారే. "ఇదేం నేలండీ?" అని అడిగిరి. "పాతనేల, బాగుగా తోముడు" అంటిమి. ఒకడు మరుగుదొడ్లు కడుగు యాసిడును నీటిలో కలిపి పోసెను. నేల బుసబుస పొంగినది. మురికి యంతయు పోవుచున్నదని సంతసించితిమి! తెల్లవారి ఆరిన పిమ్మట చూడగా మెరుగు లేదు. వ్రేలితో తాకిన తెల్లని పొడి అంటుకొనినది.

తరువాత తెలిసికొంటిమి. తడిసున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని క్రమముగా రాయియగును. పులుపు తగిలినచో ఆ రాయి కరగి, వాయువు పొంగిపోవును. యాసిడే కాదు, నిమ్మరసము, చింతపండు, వినిగరు కూడ నిదే చేయును. మెరుగు పైపొరయందే యున్నది గనుక పోయినది తిరిగి రాదు.

కొందరు సిమెంటు పూయుడనిరి. దానికి మేమొప్పుకొనలేదు. వెనుకటి గదిలో నొక గోడకు సిమెంటు పూయించి యుంటిమి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానునాడు లోనికి దిగిన తడి, ఆ పూత వెనుక చిక్కుకొని ఉప్పుతో గూడ పెచ్చులు రాల్చినది. సున్నపుగోడలు మాత్రము మెల్లగా ఆరినవి.

కావున పాతయిండ్లుగల సోదరీమణులు పనివారిని పిలుచునపుడు, నేల సున్నపుదో సిమెంటుదో ముందుగా చెప్పవలెను. ఏ మందైనను తలుపుచాటున అరచేయంత మేర పూసి, ఆరిన తరువాత చూడవలెను. టేకు తలుపులను పొడిగుడ్డతోనే తుడువవలెను. గరుకు పీచుతో పాత మెరుగును గీకనియ్యరాదు.

పెండ్లికి ముసలమ్మ వచ్చినది. నడవలో నిలిచి మచ్చను చూచి, "నానుంటే సెప్పేదాన్ని గదమ్మా" అన్నది. మాకు తల యెత్త బుద్ధిపుట్టలేదు. ముప్పదియేండ్లు ఆమె చేతులకు జీతమిచ్చితిమి గాని, ఆ చేతులలోని విద్యను విద్యగా నెంచలేదు.

ఇప్పుడు నెలకొకమారు బండి పంపి ఆమెను పిలిపించుచున్నాము. పీటమీద కూర్చుండి, క్రొత్త పనిపిల్లకు గుడ్డ పిండు తీరు మొదలు నేర్పుచున్నది. అందుకు వేరుగా జీతమిచ్చుచున్నాము. మేమును ప్రక్కన కూర్చుండి నేర్చుకొనుచున్నాము.