ఉద్దానంలో పర్ణశాలల పండుగ

సోంపేట స్టేషన్‌లో దిగి కవిటి వైపు ఆటో ఎక్కితే రెండు పక్కలా కొబ్బరి, జీడిమామిడి, పనస. ఉద్యానవనమే ఉద్దానం అయిందంటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చిన చెట్ల చోట వేసిన మొక్కలు ఇప్పుడు నా ఎత్తు దాటాయి.

మామయ్య ఇంటి ముందు కొబ్బరాకుల పందిరి కింద ప్రార్థన. పాస్టరుగారు యోహాను సువార్త 7వ అధ్యాయం తీశారు. యూదుల సుక్కోత్‌ని మన బైబిల్లో పర్ణశాలల పండుగ అన్నారు. పర్ణశాల అనగానే నాకైతే ముందు రాముడే గుర్తొస్తాడు! యూదులు మాత్రం ఎడారిలో తిరిగిన తాతముత్తాతల్ని తలుచుకుంటూ ఏడు రోజులు ఆకుల కప్పు కింద గడుపుతారు. కప్పు సందుల్లోంచి చుక్కలు కనిపించాలట. వానల కోసం ప్రార్థించే కాలం కూడా అదే. యెరూషలేం ఆలయం ఉన్న రోజుల్లో యాజకుడు పొద్దున్నే సిలోయము కోనేటి నుంచి బంగారు పాత్రలో నీళ్లు తెచ్చి బలిపీఠం దగ్గర పోసేవాడు.

ఆ పండుగకి యేసు కూడా యూదుడిగానే వెళ్లాడు. చివరి రోజున నిలబడి, దాహమైనవాళ్లు తన దగ్గరికి రావాలని పిలిచాడు. ఈ నీళ్ల సంగతి తెలియక ఇన్నేళ్లూ ఆ మాటని గోడ క్యాలెండర్ మీది వాక్యంలా చదివేశాను.

మామయ్యది కిడ్నీ జబ్బు. ఉద్దానంలో ఇది ఎందుకొస్తోందో ఇంకా కచ్చితంగా తేలలేదు. ఊళ్లో అనుమానం మాత్రం నీళ్ల మీదే. ఇప్పుడు హిరమండలం రిజర్వాయర్ నీళ్లు పైపుల్లో వస్తున్నాయి. ఆయనకేమో డయాలసిస్. రోజుకి ఇన్ని గ్లాసులే అని లెక్క.

"దాహమంటే ఏటో నన్నడగండి పాస్టరుగారూ" అన్నాడు మామయ్య నవ్వుతూ. పాస్టరుగారు బైబిల్ మూసి ఆయన పక్కన కూర్చున్నారు. అత్తయ్య ఐసు ముక్క తెచ్చిచ్చింది.