అబ్బా జీపుకు ఇషారా

మా అబ్బా దగ్గర ఒక పాత జీపు ఉంది. విల్లీస్ లైసెన్సుతో మహీంద్రా వాళ్లు చేసిన రకం. తలుపులు లేవు, పైన టార్పాలిన్ కప్పు. కొత్తపేట పండ్ల మార్కెట్టులో లెక్కలు రాసినన్నాళ్లూ అబ్బా అందులోనే వెళ్లొచ్చారు. మామిడి సీజన్లో ఇంటికొస్తుంటే గల్లీ మొదట్లోనే వాసన తెలిసేది. మార్కెట్టు బాటసింగారం తరలిపోయింది, అబ్బా కొలువు మానేశారు, జీపు మాత్రం ఇంటిముందు మిగిలింది.

ఆ జీపు స్టీరింగ్ పక్కన ఉండే ఇండికేటర్ స్విచ్చు ఎప్పుడో విరిగిపోయింది. పాత సామాన్ల దుకాణాల్లో వెతికినా సరైనది దొరకలేదు. అబ్బాకు ఫికర్ లేదు. "అల్లా చెయ్యి ఇచ్చాడు కదా" అనేవారు. కుడికి తిరగాలంటే కుడిచెయ్యి బయటికి నిటారుగా చాపడం, ఎడమకు తిరగాలంటే అదే చేతిని అపసవ్యంగా గుండ్రంగా తిప్పడం. ఇప్పటి పిల్లలకు ఈ చేతి ఇషారాలు తెలియవు గానీ, మా చిన్నప్పుడు లారీ డ్రైవర్లందరూ ఇలాగే చెప్పేవారు. దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో అబ్బా తెల్ల కుర్తా చెయ్యి బయటికొస్తే వెనక బస్సు కూడా ఆగడం నేను చూశాను.

పోయిన ఏడాది ఆ చెయ్యి లేవడం మానేసింది. షుగర్ ఉన్నవాళ్లకు ఇలా భుజం పట్టేయడం మామూలేనని డాక్టరు చెప్పారు. అన్నం కలుపుకోగలరు, స్టీరింగ్ పట్టుకోగలరు. భుజం ఎత్తు దాటి మాత్రం చెయ్యి పోదు, పక్కకు చాచలేరు.

అమ్మీ నాకు ఫోన్ చేసింది. నేను ఎల్బీనగర్‌లో ఉంటాను, వాళ్లు మూసారాంబాగ్‌లో. నిజాం ఫౌజులో ఉన్న రేమండ్ అనే ఫ్రెంచి దొరను కొందరు మూసా రాం అని, కొందరు మూసా రహీం అని పిలుచుకుంటే ఆయన పేరుతో మిగిలిన బస్తీ అది. మెట్రో ఎక్కితే మధ్యలో మూడే స్టేషన్లు. అయినా నెలకు రెండుసార్లు పోతే గొప్ప. "ఇషారా ఇవ్వకుండానే తిప్పేస్తున్నారు బేటా, నా దిల్ దడదడలాడుతోంది" అంది అమ్మీ. ఆపా అయితే సాఫ్‌గా చెప్పేసింది: "జీపు అమ్మేయండి."

నేనూ అదే అనుకున్నాను. కానీ అబ్బా ఎదురుగా కూర్చుంటే నోరు రాలేదు. ఆయనే అన్నారు: "హాత్ నై ఉఠ్రా బేటా. ఇషారా లగా దే."

నేను హౌ అన్నాను. నా నియ్యత్ సాఫ్‌గా లేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. పని మెల్లగా చేస్తూ పోతే ఈలోపు ఆయనకే జీపు మీద మనసు పోతుందనుకున్నాను.

పోలేదు. మరుసటి శనివారం ఆయనే నన్ను కోఠి గుజరాతీ గల్లీకి తీసుకుపోయారు. ఒక టోగుల్ స్విచ్చు కొన్నాం. లోహపు కాడ, కింద మూడు పిన్నులు, కాడ నడిమిట్లో ఉంటే రెండు వైపులా బంద్. ఇండికేటర్‌కు కావలసింది ఈ రకమే. దుకాణదారు మొదట చిన్నది చూపించాడు. దాని మీద 250 వోల్టుల ఏసీ అని ఉంది. అబ్బా పక్కన పెట్టేశారు. ఒక్కో వైపు ముందొకటి, వెనకొకటి 21 వాట్ల బల్బులు. రెండూ కలిపి 42 వాట్లు, 12 వోల్టుల బ్యాటరీ మీద మూడున్నర ఆంపియర్లు. డీసీ కరెంటులో స్విచ్చు తెరిచినప్పుడు నిప్పురవ్వ తొందరగా ఆరదు, అందుకే డీసీ లెక్క రాసి ఉన్న పెద్దదే కావాలన్నారు. లెక్కలు రాసిన మనిషి కదా, నేను ఫోన్ తీసేలోపే భాగహారం నోటితో చేసేశారు.

ఆదివారం జొహర్ నమాజు తర్వాత పని మొదలుపెట్టాం. ఆయన కుర్చీలో, నేను డాష్‌బోర్డు కింద వీపు మీద. తీగ దారి ఇది: బ్యాటరీ నుంచి పది ఆంపియర్ల ఫ్యూజు, అక్కడి నుంచి తాళం స్విచ్చు, తర్వాత ఫ్లాషర్ డబ్బీ, ఫ్లాషర్ నుంచి టోగుల్ నడిమి పిన్ను. పక్క పిన్నుల్లో ఒకటి కుడి బల్బులకు, ఇంకోటి ఎడమ బల్బులకు. తిరుగు దారి జీపు ఒళ్లే. ఫ్యూజు బ్యాటరీకి దగ్గర్లోనే ఉండాలని అబ్బా రెండుసార్లు చెప్పారు. దూరంగా పెడితే ఆ మధ్య తీగ రేకుకు ఒరిగి కాలినా ఫ్యూజుకు ఖబర్ ఉండదు.

వెనక ఎడమ బల్బు మసకగా వెలిగింది. బల్బు మార్చాను, అదే హాల్. "బల్బు ఏం చేసింది పాపం, దాని కింద గోకు" అన్నారు అబ్బా. పెయింటు మీద బోల్టు బిగించాను, ఎర్త్ సరిగ్గా తగల్లేదు. ఉప్పు కాగితంతో రేకు తెల్లబడేదాకా గీకితే నిండుగా వెలిగింది.

తర్వాత టోగుల్ కాడను ఎడమకు వేశాను. కుడి బల్బులు కొట్టుకున్నాయి. కుడికి వేస్తే ఎడమవి. తీగలు తప్పు కలిపానేమోనని మళ్లీ కిందికి దూరాను. అబ్బా నవ్వుతూనే ఉన్నారు. "ఉల్టా హై రే! కాడ ఎటు వంగితే లోపల రేకు దానికి ఎదురు పిన్నును పట్టుకుంటుంది." త్రాసు లాగే, ఒక చివర దిగితే రెండోది లేస్తుంది. రెండు తీగలు అటుదిటు, ఇటుదటు మార్చాను. ఆ నవ్వు విని అమ్మీ చాయ్ తెచ్చింది. భుజం పట్టేసిన తర్వాత ఆయన అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారట.

1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం ఇండికేటర్ నిమిషానికి 60కి తగ్గకుండా, 120కి మించకుండా కొట్టుకోవాలి, రంగు నారింజ ఉండాలి. నేను గడియారం చూస్తే అబ్బా వేళ్ల గణుపుల మీద, రోజూ తస్బీహ్ లెక్కపెట్టినట్టే లెక్కపెట్టారు. 84. "పాస్" అన్నారు.

ఇక్కడితో కిస్సా ఖతం అయితే ఎంత బాగుండేది!

కార్లలో స్టీరింగ్ పక్కన ఉండే స్విచ్చు మలుపు తిరిగి చక్రం నిటారు కాగానే దానంతటదే వెనక్కి వచ్చేస్తుంది. టోగుల్‌కు ఆ అకల్ లేదు. ఎవరు వేశారో వాళ్లే తీయాలి. ఇది నాకు తెలుసు. అబ్బాకు చెప్పాను కూడా. కానీ ఇరవై సెకన్లలో చెప్పి, తీగలు చుట్టుకుని, మెట్రో ఎక్కి ఇంటికి పోయాను.

పది రోజుల తర్వాత అబ్బా మా పిల్లల్ని చూడ్డానికి ఎల్బీనగర్ బయలుదేరారు. చైతన్యపురి దగ్గర ఎడమ లైనులోకి రావడానికి టోగుల్ వేశారు. తీయడం మరిచారు. మెట్రో స్తంభాల నీడలో, హారన్ల శోరులో ఫ్లాషర్ టిక్కుటిక్కు ఎవరికి వినిపిస్తుంది? కొత్తపేట దాటాక ఎడమ గల్లీ మొదట్లో ఒక స్కూటరు ఆగి ఉంది. భార్యాభర్తలు, ముందు నిలబడ్డ చిన్నపాప. జీపు ఎడమ బల్బు చూసి, గల్లీలోకే తిరుగుతుందనుకుని వాళ్లు రోడ్డెక్కారు.

జీపు జానెడు దూరంలో ఆగిందని అబ్బా చెప్పారు. పాప ఏడవలేదట, జీపునే చూస్తూ ఉండిపోయిందట. ఆ తండ్రి తిట్టలేదు కూడా. "ఇండికేటర్ వేశారు కదా పెద్దాయనా, తిరుగుతారనుకున్నా" అన్నాడట, అంతే.

ఆ మాటే అబ్బాను కోసేసింది. మా ఇంటికొచ్చి, నీళ్లు కూడా తాగకుండా తాళం నా చేతిలో పెట్టారు. "చెయ్యి లేవనప్పుడు నేను ఏమీ చెప్పలేదు, జనమే చూసుకుని పోయారు. ఇవాళ అబద్ధం చెప్పాను బేటా. అతను నా మాట నమ్మాడు."

నేను ఖామోష్‌గా నిలబడ్డాను. ఆయన జీపు వదిలేయాలనే కదా నేను కోరుకున్నది! అది నా చేతికి ఇలా వచ్చినందుకు సిగ్గేసింది. ఆయన మరిచారు, నిజమే. కానీ మరిచిపోయే వీలున్న సామాను బిగించి, గుర్తుచేసేది ఏదీ పెట్టకుండా వచ్చింది నేను. పక్కన కూర్చుని నాలుగు చౌరస్తాలు తిప్పించి ఉంటే ఆ సంగతి ఆ రోజే బయటపడేది.

తర్వాతి ఆదివారం మళ్లీ డాష్‌బోర్డు కింద దూరాను. టోగుల్ రెండు పక్క పిన్నుల నుంచీ చెరొక డయోడు పెట్టి ఒక చిన్న బజరుకు కలిపాను. డయోడ్లు లేకపోతే ఎడమ కరెంటు కుడివైపుకు జారి నాలుగు బల్బులూ కొట్టుకుంటాయి. ఇప్పుడు ఇషారా ఉన్నంతసేపూ బజరు పీక్కుపీక్కుమని అరుస్తుంది. అమ్మీ దానికి కోడిపిల్ల అని పేరు పెట్టింది. ఇలాంటి పాత బండికి టోగుల్ పెట్టేవాళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే, ఈ కోడిపిల్లను మాత్రం మొదటి రోజే పెట్టండి.

అబ్బా మాత్రం మళ్లీ డ్రైవర్ సీట్లో కూర్చోలేదు. నేను జిద్దు చేయలేదు. జుమా రోజు ఆఫీసుకు ఒక పూట సెలవు పెట్టుకుని మూసారాంబాగ్ పోతున్నాను. జీపు నేను నడుపుతాను, ఆయన ఎడమ సీట్లో కూర్చుంటారు. టోగుల్ డాష్‌బోర్డు నడిమిట్లోనే ఉంది కాబట్టి చెయ్యి ఎత్తకుండానే ఆయనకు అందుతుంది. మలుపు వస్తోందని నేను అనకముందే కాడ వేస్తారు. మలుపు తిరిగి చక్రం నిటారు కాగానే తీసేస్తారు. కోడిపిల్ల రెండోసారి అరవాల్సిన అవసరం ఇప్పటిదాకా రాలేదు.